35కి జారిన క్లాప్టన్: గొప్ప గిటారిస్టు అంటే ఎవరు?

(2023 అక్టోబరులో 'రోలింగ్ స్టోన్' పత్రిక 250 మంది అత్యుత్తమ గిటారిస్టుల జాబితా ప్రకటించిన తర్వాత జరిగిన స్టూడియో చర్చ ఇది.)

మోడరేటర్: నమస్కారం. 2015 జాబితాలో రెండో స్థానంలో ఉన్న బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఇప్పుడు 35లో ఉన్నారు. గాయని జోనీ మిచెల్ 9లో ఉన్నారు. అభిమానులు మండిపడుతున్నారు. మేడమ్, మీరు చెప్పండి, ఇది న్యాయమేనా?

విమర్శకురాలు: నాకైతే తప్పేమీ కనిపించలేదు. జోనీకి చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ చెయ్యి బలహీనపడింది. మామూలు కార్డులు (ఒకేసారి మోగే స్వరాల కూర్పులు) పట్టుకోవడం కష్టమై తీగల శ్రుతులే మార్చేసుకున్నారు. ఆ ట్యూనింగుల్లో పుట్టిన స్వరాలు...

బేసిస్ట్: ఒక్క నిమిషం. ఇంతకీ లోతైన స్వరాల బేస్ గిటార్ వాయించే వాళ్ల సంగతేంటి?

మోడరేటర్: మీ దగ్గరికి వస్తానండీ. ముందు నా ప్రశ్న. పాలకొల్లులో పుట్టిన మన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. బ్రిటిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించారు. అలాంటి వాళ్లు వీళ్లకి కనపడరా?

గిటార్ టీచర్: సార్, అది గిటారిస్టుల జాబితా.

మోడరేటర్: తీగలే కదండీ!

బేసిస్ట్: తీగలంటే బేస్‌కీ నాలుగున్నాయి! జేమ్స్ జేమర్‌సన్ పేరు విన్నారా? డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ పాటల వెనక ఉన్న మనిషి. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితో మీటేవాడు. కంపెనీ ఆల్బమ్ మీద ఆయన పేరు పడేసరికి 1971 వచ్చింది. పేరే తెలియకుండా ప్రపంచం మొత్తం ఆయన్ని కాపీ కొట్టింది. ప్రభావం అంటే అదీ.

గిటార్ టీచర్: 2020లో అదే పత్రిక బేసిస్టులకు వేరే జాబితా వేసింది. ఆయనే ఫస్ట్.

బేసిస్ట్: వేరే జాబితా ఎందుకండీ? మాకు వేరే పంక్తా?

విమర్శకురాలు: నా మాట పూర్తి కాలేదు...

గిటార్ టీచర్: అసలు విషయం నన్ను చెప్పనివ్వండి. ముందు చేసినవాడు వేరు, అందరి చేతా చేయించినవాడు వేరు. రెండు చేతుల ట్యాపింగ్, అంటే రెండు చేతుల వేళ్లతోనూ తీగల మీద తట్టి వాయించడం, 1971లోనే జెనెసిస్ బ్యాండ్‌లో స్టీవ్ హ్యాకెట్ చేశాడు. 1978లో ఎడ్డీ వాన్ హేలెన్ చేశాకే కుర్రాళ్లంతా దాని మీద పడ్డారు. ఎడ్డీకి 4వ స్థానం ఇచ్చారంటే...

బేసిస్ట్: జాకో పాస్టోరియస్! బేస్ మీద ఫ్రెట్లు, అంటే మెడ మీది లోహపు గీతలు, పీకేసి, చెక్క మీద ఎపాక్సీ అనే గట్టిపడే పూత పూశాడు. 1976లో ఆయన మొదటి ఆల్బమ్ విన్నాక బేస్ పాట పాడుతుందని తెలిసింది జనానికి.

గిటార్ టీచర్: ఫ్రెట్లు లేని బేస్‌ను యాంపెగ్ కంపెనీ 1966లోనే అమ్మింది. నేను చెప్పేదీ అదే...

బేసిస్ట్: అమ్మితే ఏంటండీ? వాయించిందెవరు? (ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

విమర్శకురాలు: బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీ సంగతి చూడండి. బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు. తర్వాత తీగలు వదులు చేసి శ్రుతి దించాడు. హెవీ మెటల్‌కి ఆ బరువు అలా వచ్చింది. జోనీ గురించి నేను చెప్పబోయిందీ ఇలాంటిదే, చేతికి ఇబ్బంది వచ్చినప్పుడు...

మోడరేటర్: బాగా చెప్పారు. శ్రీనివాస్ గారు కూడా మాండలిన్ తీగలు మార్చుకున్నారు కదా?

విమర్శకురాలు: మార్చుకున్నారు. జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. గమకాల కోసం. కానీ...

మోడరేటర్: చూశారా! నేను మొదటి నుంచీ అదే అంటున్నాను.

గిటార్ టీచర్: మరి క్లాప్టన్ గురించి ఎవరైనా మాట్లాడతారా?

బేసిస్ట్: క్లాప్టన్ వెనక క్రీమ్ బ్యాండ్‌లో బేస్ ఎవరు? జాక్ బ్రూస్! ఆయన లేకపోతే...

మోడరేటర్: సమయం అయిపోయింది. అన్ని పక్షాలకూ సమానంగా అవకాశం ఇచ్చాం. చివరిగా బేస్ గారు, ఒక్క వాక్యంలో.

బేసిస్ట్: లారీ గ్రాహం. వాళ్ల అమ్మగారి బ్యాండ్‌లో డ్రమ్మర్ లేక, డ్రమ్ దెబ్బల కోసం బొటనవేలితో తీగ మీద కొట్టాడు. స్లాప్ అనే ఆ పద్ధతి అలా మొదలైంది. ఇంకొకటి, జేమర్‌సన్ అసలు తీగలు మార్చేవాడే కాదు, ఎందుకంటే...

మోడరేటర్: బ్రేక్ తర్వాత వాతావరణం.