నార్వేలో కిలోమీటర్లు కాదు, నీళ్లు లెక్కపెట్టండి

[కెమెరా ముందు ఎడమ చెయ్యి, వేళ్లు బాగా విడదీసి]

ముందు మీ ఎడమ చెయ్యి ఇలా ఎత్తి, వేళ్లు బాగా విడదీసి పట్టుకోండి. నిజంగానే పట్టుకోండి, వీడియో అయ్యేదాకా దీంతో పని ఉంది. వేళ్లు కొండలు. వేళ్ల మధ్య సందులు సముద్రం. గోళ్ల అవతల అట్లాంటిక్. అరచేతి మీంచి వెనక్కి వస్తే మణికట్టు దగ్గర ఓస్లో. పడమటి నార్వే అంటే ఇదే.

ఇప్పుడు విషయం. నార్వే వెళ్దామనుకునే మనవాళ్లు నాకు ప్లాన్లు పంపిస్తుంటారు, ఒకసారి చూడమని. మొన్న మా పిన్ని కొడుకు పంపాడు. "అన్నా, బెర్గెన్ నుంచి ఓలెసుండ్ నాలుగొందల కిలోమీటర్లే కదా, పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం, సాయంత్రం ఊరు చూసేస్తాం" అని. విజయవాడ నుంచి తిరుపతికి ఎలా లెక్కేసుకుంటామో అలాగే వేసుకున్నాడు, ఇంకా అక్కడి రోడ్లు బాగుంటాయి కాబట్టి ఓ గంట తగ్గించి మరీ వేసుకున్నాడు. కానీ అక్కడ ఆ ప్రయాణానికి దాదాపు రోజంతా పోతుంది. ట్రాఫిక్ వల్ల కాదు, రోడ్డు పాడై కాదు. దారిలో మూడు చోట్ల రోడ్డు నీళ్లలోకి వెళ్లిపోతుంది.

వాడి తప్పేం లేదు. మన ట్రావెల్ వీడియోల్లో చెప్పేదంతా "కారు అద్దెకి తీసుకుంటే చాలు, నార్వే మొత్తం తిరిగేయొచ్చు" అనే. లేదంటే "కారా, ట్రైనా, ఏది బెస్టు?" అని పావుగంట చర్చ. నాకు చిరాకు తెప్పించేది ఈ ప్రశ్నే. ఆ దేశంలో పొద్దున రైలు, మధ్యాహ్నం లాంచీ, సాయంత్రం బస్సు, ఇవన్నీ కలిపి ఒక దారి. అక్కడి నేల అలాంటిది.

చేతి దగ్గరికి రండి.

[చూపుడు వేలి కొన నుంచి మధ్య వేలి కొనకి గీత]

చూపుడు వేలి కొన మీద ఒక ఊరు, మధ్య వేలి కొన మీద ఒక ఊరు. మధ్యలో సందు. ఎదురుగా ఇల్లు కనపడుతుంది, పొగ గొట్టంలోంచి పొగ కనపడుతుంది. కానీ నేల మీదే వెళ్లాలంటే వేలు పొడుగునా కిందికి దిగి, సందు మొదలు దగ్గర చుట్టు తిరిగి, మళ్లీ రెండో వేలు పొడుగునా పైకి ఎక్కాలి. ఆ సందునే అక్కడివాళ్లు ఫ్యోర్డ్ అంటారు. మంచు యుగాల్లో హిమానీనదాలు కొండల్ని తొలుచుకుంటూ పోయాయి, తొలిచిన చోటుకి సముద్రం వచ్చి చేరింది. నార్వేలో అన్నిటికంటే పెద్దది సోగ్నెఫ్యోర్డ్. 200 కిలోమీటర్లు పైనే లోపలికి చొచ్చుకుని ఉంటుంది. లోతు 1300 మీటర్ల దాకా. మన తిరుమల కొండ సముద్ర మట్టం నుంచి ఎంత ఎత్తో, దానికంటే ఎక్కువ లోతు. స్తంభాలు పాతి మామూలు వంతెన కడదామంటే పాతడానికి అడుగు అందదు.

అందుకే ఈ రోజుకీ అక్కడ మెయిన్ రోడ్డు వెళ్లి పడవెక్కుతుంది. ఈ-39 అని పడమటి తీరం పొడుగునా క్రిస్టియాన్‌సాండ్ నుంచి ట్రోండ్‌హైమ్ దాకా వెళ్లే హైవే ఉంది. సుమారు 1100 కిలోమీటర్లు. దాని మీద ఏడు ఫెర్రీలు. మొత్తం దూరానికి దాదాపు 21 గంటలు. ఫెర్రీలన్నీ తీసేసి, వంతెనలూ సముద్రం కింద సొరంగాలూ కట్టి, దీన్ని సగానికి తేవాలని అక్కడి ప్రభుత్వం ప్లాన్ వేసింది. అంటే మిగతా సగం ఎక్కడ పోతోందో మీరే చూడండి.

ఫెర్రీ అనగానే మనవాళ్లు టూరిస్టు బోటు అనుకుంటారు. కోనసీమవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నరసాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్లాలంటే గోదారి మీద పంటు ఎక్కుతారు. బండి ఎక్కిస్తారు, కారు ఎక్కిస్తారు, అవతలి ఒడ్డున దిగి ఎవరి దారిన వాళ్లు వెళ్తారు. పంటు లేకపోతే చించినాడ వంతెన మీంచి చుట్టు తిరిగి రావాలి. ఎవరూ దాన్ని విహారం అనుకోరు, దారిలో ఒక ముక్క అనుకుంటారు. నార్వే ఫెర్రీ కూడా అంతే. పంటే. అందుకని ఇక్కడి నుంచి నేనూ పంటు అనే అంటాను.

ఓపెడాల్, లావిక్ అని సోగ్నెఫ్యోర్డ్‌కి అటూ ఇటూ రెండు రేవులున్నాయి. అక్కడ ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మొదటిసారి కారులో వెళ్లేవాళ్లు టెన్షన్ పడేది ఇక్కడే. రోడ్డు మీద వెళ్తూ వెళ్తూ ఉండగానే తారు మీద తెల్ల గీతలతో వరుసలు వస్తాయి. ఒక వరుసలో కారు పెట్టి ఇంజిన్ ఆపేసి కూర్చోవాలి. కొంచెం సేపటికి పంటు వచ్చి ముందు భాగం పైకి తెరుచుకుంటుంది, లోపలున్నవి బయటికి వచ్చేస్తాయి, పసుపు చొక్కా వేసుకున్న మనిషి చెయ్యి ఊపుతాడు, మీరు లోపలికి నడిపించి ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపి హ్యాండ్‌బ్రేక్ వెయ్యాలి. టికెట్ కౌంటర్ కోసం వెతక్కండి. కెమెరా నంబర్ ప్లేటు చదువుతుంది, డబ్బులు తర్వాత అద్దె కారు కంపెనీ ద్వారా మీ కార్డులోంచి వెళ్తాయి. రోడ్డు టోల్స్ కూడా ఇలాగే, ఎక్కడా గేటు ఉండదు, ఆగేది ఉండదు. అందుకే ట్రిప్ అయ్యాక ఇంటికొచ్చాక బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది. బడ్జెట్‌లో దానికి ముందే కొంత పక్కన పెట్టుకోండి.

నడిచి ఎక్కేవాళ్లకి? ఇలాంటి కార్ల పంట్లలో చాలావాటికి మనుషుల టికెట్టే లేదు. బండికే చార్జీ.

ఇరవై నిమిషాల ప్రయాణం. కారులో కూర్చోకండి, పైకి వెళ్లండి. పైన చిన్న కాఫీ క్యాంటీన్ లాంటిది ఉంటుంది. పడమటి తీరం పంట్ల మీద స్వేలె అని ఒకటి అమ్ముతారు, మన దిబ్బరొట్టెకి తమ్ముడిలా మందంగా, మెత్తగా, కొంచెం తియ్యగా ఉండే అట్టు, మధ్యకి మడిచి లోపల వెన్న, చక్కెర గానీ, వాళ్ల గోధుమ రంగు చీజ్ గానీ పెడతారు. చీజ్ అంటే ఉప్పగా ఉంటుందనుకుని కొరికితే పాలకోవా మాడు రుచి తగులుతుంది. అది తింటూ కిటికీలోంచి చూస్తుంటే అవతలి వేలు దగ్గరికి వస్తుంది. ఇంకో సంగతి, ప్రపంచంలో బ్యాటరీతో నడిచిన మొదటి కార్ల పంటు వచ్చింది ఇక్కడికే, ఈ రెండు రేవుల మధ్యకే, 2015లో. దాని పేరు ఆంపియర్.

సరే, ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటు. మళ్లీ చెయ్యి.

[మధ్య వేలి మొదలుకి అటు ఒక చుక్క, ఇటు ఒక చుక్క]

మధ్య వేలికి ఇటు పక్క సందు మొదట్లో ఫ్లోమ్ అనే ఊరు. అటు పక్క సందు మొదట్లో గుద్వాంగెన్. రెండూ సోగ్నెఫ్యోర్డ్‌లోంచి చీలిన పాయల చివర్న ఉన్నాయి. మధ్యలో వేలు, అంటే కొండ. ఫ్లోమ్ నుంచి గుద్వాంగెన్‌కి రోడ్డు మీద ఇరవై నిమిషాలు, ఎందుకంటే వేలి మొదట్లో ఇటు నుంచి అటు సూది గుచ్చినట్టు సొరంగం తవ్వేశారు. 11 కిలోమీటర్లు పైనే. అదే లాంచీలో వెళ్తే రెండు గంటలు. ఒక సందులోంచి పైకి వెళ్లి, వేలి కొన చుట్టూ తిరిగి, రెండో సందులోకి దిగుతుంది. ఆ రెండో సందు పేరు నెరోయ్‌ఫ్యోర్డ్. ఒక చోట వెడల్పు 250 మీటర్లే, రెండు పక్కలా నిలువు గోడల్లా కొండలు, వాటి మీంచి సన్నటి జలపాతాలు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

అయినా జనం కారు ఉంది కదా అని ఆ సొరంగంలోంచి ఇరవై నిమిషాల్లో దాటేసి, "ఫ్లోమ్ చూశాం, గుద్వాంగెన్ చూశాం" అంటారు. చూసింది సొరంగం గోడ. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. అంత దూరం, అంత ఖర్చు పెట్టుకుని వెళ్లింది ఆ రెండు గంటల కోసమే కదా.

ఇక్కడికి ఓస్లో నుంచి కారు లేకుండానే చక్కగా రావచ్చు. ఓస్లోలో బెర్గెన్ రైలు ఎక్కండి. 1909లో పూర్తయిన లైను, మొత్తం ఆరున్నర నుంచి ఏడు గంటలు. మణికట్టు నుంచి అరచేతి మీదుగా ఎక్కుతూ పోతుంది. అన్నిటికంటే ఎత్తున ఉన్న స్టేషన్ ఫిన్సె, 1222 మీటర్లు. ఆ ఊరికి రోడ్డే లేదు, రైలు ఒక్కటే. జూన్‌లో వెళ్లినా పట్టాల పక్కన మంచు కనపడుతుంది. తర్వాత మిర్‌డాల్‌లో దిగి చిన్న రైలు మారండి, అది 20 కిలోమీటర్లలో 860 మీటర్లు పైనే కిందికి దిగి మిమ్మల్ని ఫ్లోమ్‌లో, నీళ్ల ఒడ్డున దించుతుంది. దాదాపు గంట. 20 సొరంగాలు, మధ్యలో జలపాతం దగ్గర ఫోటోలకని కొన్ని నిమిషాలు ఆపుతారు. ఫ్లోమ్ నుంచి లాంచీలో గుద్వాంగెన్, అక్కడి నుంచి బస్సులో వోస్, వోస్ నుంచి మళ్లీ రైలు, గంటంపావులో బెర్గెన్.

దీన్నే ప్యాకేజీగా అమ్ముతారు. అవే రైళ్లు, అవే లాంచీలు, అవే బస్సులు, విడివిడిగా కూడా కొనుక్కోవచ్చు, రైలు టికెట్ ముందుగా కొంటే చాలా చవక. ఒక్క రోజులో అయిపోతుంది కానీ నా మాట విని ఫ్లోమ్‌లో గానీ, పక్కనే ఉన్న ఔర్‌లాండ్‌లో గానీ ఒక రాత్రి ఉండండి. సాయంత్రం టూరిస్టుల పెద్ద ఓడలు వెళ్లిపోయాక ఆ ఊరు వేరు.

ఇక ఉత్తరం. అక్కడ చెయ్యి సరిపోదు, దేశం చాలా పొడుగు. మన రైలు అలవాటు ఇక్కడ దెబ్బ కొడుతుంది. ట్రోండ్‌హైమ్ నుంచి ఉత్తరానికి వెళ్లే రైలు ఆర్కిటిక్ వలయం దాటి, 729 కిలోమీటర్లు వెళ్లి, బోడో దగ్గర ఆగిపోతుంది. ఆ పైన పట్టాలు లేవు. అరోరా, అంటే రాత్రి ఆకాశంలో కనపడే రంగుల వెలుగులు చూడ్డానికి అందరూ వెళ్లే ట్రోమ్సోకి రైలే లేదు. "మ్యాప్‌లో నార్విక్‌కి రైలు ఉంది కదా" అంటారు. ఉంది, కానీ అది స్వీడన్ నుంచి వస్తుంది. కిరునా గనుల్లోంచి ఇనుప ఖనిజాన్ని నార్విక్ రేవుకి చేర్చడానికి వేసిన లైను. నార్వే పట్టాలతో దానికి నేరుగా కలయికే లేదు. బోడో నుంచి నార్విక్‌కి బస్సు, అది కూడా దారిలో పంటు ఎక్కుతుంది, ఈ-6 హైవే మీద మిగిలిన ఒకే ఒక్క పంటు అది.

మరి తీరం పొడుగునా ఎలా వెళ్తారు? ఓడలో. బెర్గెన్ నుంచి రష్యా సరిహద్దు దగ్గర కిర్కెనెస్ దాకా, 34 రేవుల్లో ఆగుతూ వెళ్లే ఓడ సర్వీసు ఉంది, హుర్టిగ్రూటెన్ అనే పేరుతో, 1893లో ఇంతకంటే చిన్న దారితో మొదలైంది. 2021 నుంచి హవీలా అని ఇంకో కంపెనీ కూడా అదే దారిలో ఓడలు నడుపుతోంది. దీన్ని లగ్జరీ క్రూయిజ్ అనుకుని, పన్నెండు రోజుల రేటు చూసి జనం పక్కకి తప్పుకుంటారు. నా లెక్కలో అది సముద్రం మీద పల్లెవెలుగు బస్సు. రాత్రి మూడింటికి కూడా ఏదో చిన్న రేవులో ఆగుతుంది, సరుకు దించుతారు, ఇద్దరు దిగుతారు, ఒకరు ఎక్కుతారు, వెళ్లిపోతుంది. మీరూ అలాగే ఎక్కొచ్చు, ఒక రేవు నుంచి ఇంకో రేవుకే టికెట్ కొనుక్కుని. లోఫోటెన్ దీవుల్లో స్వోల్వేర్ దగ్గర రాత్రి ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి ట్రోమ్సో. ఉత్తరానికి వెళ్లేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే.

[టైమ్ చూస్తూ]

ఇంకా చాలా ఉంది, టైమ్ లేదు, గబగబా చెప్పేస్తాను.

విమానం. దూరాలు పెద్దవి కాబట్టి తప్పదు, ఓస్లో నుంచి ట్రోమ్సోకి వారం రోజుల ట్రిప్‌లో విమానంలోనే వెళ్లండి. చిన్న ఊళ్లకి వీడెరో అనే కంపెనీ ప్రొపెల్లర్ విమానాలు నడుపుతుంది, చాలా చోట్ల రన్‌వే 800 మీటర్లే. మన శంషాబాద్ రన్‌వే నాలుగు కిలోమీటర్లు పైన. వాటిలో చాలా రూట్లకి ప్రభుత్వమే డబ్బు ఇస్తుంది, ఎందుకంటే అక్కడివాళ్లు ఆసుపత్రికి వెళ్లేది కూడా వాటిలోనే.

ఓస్లో ఎయిర్‌పోర్ట్‌లో దిగాక సిటీకి ఎక్స్‌ప్రెస్ రైలు 20 నిమిషాలు, మామూలు రైలు దానికంటే మూడు నాలుగు నిమిషాలే ఎక్కువ, టికెట్ దాదాపు సగం. మామూలుదే ఎక్కండి.

కారు తీసుకుంటే: కుడి పక్క డ్రైవింగ్, ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకెళ్లండి, పట్టపగలు కూడా హెడ్‌లైట్లు వెయ్యాలి, ఊరి బయట మామూలు రోడ్డు మీద 80 దాటకూడదు, మందు తాగితే అసలు స్టీరింగ్ ముట్టుకోకండి, పరిమితి మన దేశం కంటే తక్కువ. ట్రోల్‌స్టీగెన్ లాంటి ఘాట్ రోడ్లు, అదే 11 హెయిర్‌పిన్ మలుపులది, చలికాలమంతా మూసేస్తారు, కాబట్టి ఏప్రిల్‌లో వెళ్తూ దాన్ని ప్లాన్‌లో పెట్టకండి. చలికాలంలో కొన్ని కొండదారుల్లో మంచు తోసే బండి ముందు వెళ్తుంటే దాని వెనక కార్లన్నీ వరసగా వెళ్లనిస్తారు, ఆ వరస కోసం రోడ్డు పక్కన ఆగి ఉండాల్సి వస్తుంది. మంచులో నడపడం అలవాటు లేకపోతే చలికాలంలో కారు వద్దు. ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో వదిలేస్తే అదనంగా బాగా గుంజుతారు, బుక్ చేసేముందే చూసుకోండి.

యాప్ ఒక్కటే గుర్తుపెట్టుకోండి, ఎన్‌తూర్. రైలు, బస్సు, ట్రామ్, పంటు, ఏ కంపెనీదైనా అన్ని టైములూ అందులో ఉంటాయి. ఆదివారాలు టైములు మారిపోతాయి, ఆఖరి పంటు ఎన్నింటికో ముందు రాత్రే చూసుకోండి.

మా వాడి ప్లాన్ ఏమైందంటే, బెర్గెన్, ఓలెసుండ్ మధ్యలో ఒక రాత్రి పెట్టాడు, లోయెన్ అనే ఊళ్లో, ఒక ఫ్యోర్డ్ కొసన. ఓపెడాల్‌లో పంటు కొద్దిలో తప్పిపోతే రేవులో కూర్చుని వాయిస్ మెసేజ్ పెట్టాడు, "అన్నా, అవతలి వేలు కనపడుతోంది" అని.