పూత బాగుంటే చాలదు, కొలత కుదరాలి

అందరికీ నమస్కారం. డల్లాస్ చుట్టుపక్కల రేంజ్‌లకు వెళ్లే మన తెలుగువాళ్లలో కొందరు ఇంట్లో రీలోడింగ్ ప్రెస్, అంటే కాల్చిన ఇత్తడి కేసుల్ని మళ్లీ నింపి రౌండ్లు చేసే యంత్రం, పెట్టుకున్నారు. ఎక్కువమంది 9 ఎంఎం కాలుస్తారు. అందరూ నన్నడిగేది ఒకటే: పూత పూసిన సీసం బులెట్లలో ఏవి కొనాలి? బులెట్ అంటే ఇక్కడ బ్యారెల్ నుంచి దూసుకుపోయే ముక్క మాత్రమే; కేసు, నిప్పు పుట్టించే ప్రైమర్, పౌడర్‌తో కలిస్తే అది రౌండ్. ఈ సాయంత్రం దాని గురించే మాట్లాడతాను.

ముందు ఒక హెచ్చరిక. నేను చెప్పేదంతా ఇక్కడి సంగతి. ఇండియాలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. ఊరికి బయల్దేరే ముందు రేంజ్‌కి వాడిన బ్యాగులుంటే జేబు జేబూ వెతకండి. అడుగున ఒక్క రౌండ్ మిగిలినా విమానాశ్రయంలో కేసవుతుంది.

ఉత్త సీసం బులెట్‌కి గాడిలో మైనం లాంటి లూబ్ పెడతారు. అది కాలి పొగ కమ్ముతుంది, చేతులకు జిడ్డు అంటుతుంది. రాగి జాకెట్ ఉన్నవేమో ఖరీదు. ఈ రెంటికీ మధ్య దారి పూత బులెట్. హై-టెక్ అనే బ్రాండ్ లాంటి పూతను పలుచగా ఒకటికి రెండు మూడుసార్లు పట్టించి, ప్రతిసారీ ఓవెన్‌లో సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. బులెట్‌లోని సీసం మిశ్రమం కరగాలంటే అంతకన్నా ఎక్కువ వేడి కావాలి కాబట్టి బులెట్ ఆకారం చెడదు. నాకు ఇందులో బాగా నచ్చేది, పూత అడుగుభాగాన్ని కూడా కప్పేయడం. మామూలు ఫుల్ మెటల్ జాకెట్ బులెట్‌కి అడుగున సీసం బయటికే ఉంటుంది, మంట నేరుగా దానికే తగులుతుంది.

కొత్త కంపెనీ పెట్టె తెరవగానే రెండు పరీక్షలు చేయండి. తెల్ల గుడ్డను అసిటోన్‌లో తడిపి బులెట్‌ని గట్టిగా రుద్దండి. రంగు దిగితే పూత సరిగా కాలలేదు. ఇంకో బులెట్‌ని, ఒట్టి బులెట్‌ని మాత్రమే, దాగలి మీద పెట్టి సుత్తితో కొట్టండి. అప్పడంలా అణిగినా పూత పెచ్చులూడకూడదు. ఎరుపా, నీలమా, ఆకుపచ్చా అన్నది పట్టించుకోకండి.

గట్టిదనం గురించి జనం అనవసరంగా బెంగపడతారు. 92 పాళ్లు సీసం, 6 పాళ్లు ఆంటిమొని, 2 పాళ్లు తగరం కలిసిన మిశ్రమం, గట్టిదనం చెప్పే బ్రినెల్ కొలతలో 15 దగ్గర ఉంటుంది. 9 ఎంఎంకి అది చాలు. .38 స్పెషల్ లాంటి తక్కువ ప్రెషర్ రౌండ్లకు ఇంకా మెత్తనివీ పనిచేస్తాయి.

అసలు చూసుకోవాల్సింది వ్యాసం. 9 ఎంఎంలో జాకెట్ బులెట్ 0.355 అంగుళం, సీసంది సాధారణంగా 0.356. .45 ఏసీపీలో 0.451కి బదులు 0.452. అంగుళంలో ఆ వెయ్యో వంతు తేడాతోనే బులెట్ బ్యారెల్ గాడుల్ని నిండుగా మూస్తుంది. సన్నబడితే వేడి గ్యాస్ పక్కల నుంచి దూరి పూతనీ సీసాన్నీ కోసుకుపోయి బ్యారెల్‌కి అతికిస్తుంది. అందుకే ముందు మెత్తని సీసం ముక్కను బ్యారెల్ గుండా దించి, దాని మీద పడిన అచ్చును బట్టి గాడుల అడుగు దగ్గరి వ్యాసం కొలవండి. బులెట్ దానికన్నా అంగుళంలో వెయ్యో వంతు ఎక్కువుండాలి.

సరైన సైజే కొన్నాక కూడా అది మన ప్రెస్ మీదే పాడవచ్చు. 9 ఎంఎం కేసు లోపల కిందికి పోయేకొద్దీ గోడ మందమవుతుంది. 147 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బులెట్ బరువు తూచే కొలత) పొడుగు బులెట్ లోతుగా దిగితే దాని అడుగు నలిగి 0.354కి వస్తుంది. క్రింప్, అంటే బులెట్ చుట్టూ కేసు మూతిని నొక్కడం, మరీ బిగించినా అంతే. కేసు మూతి చాలినంత విప్పకపోతే అంచు పూతను చెక్కేస్తుంది. కాబట్టి ప్రైమర్, పౌడర్ లేకుండా ఒక డమ్మీ రౌండ్ చేయండి. పుల్లర్‌తో బులెట్ బయటికి లాగి మైక్రోమీటర్‌తో కొలవండి. క్రింప్ చోట లేత గీత కనిపిస్తే పర్వాలేదు. సీసం తళుక్కుమంటే ప్రెస్‌లో కేసుని నొక్కే అచ్చు, అదే డై, సరిచేయాల్సిందే.

బరువు మీ ఆటను బట్టి. యూఎస్‌పీఎస్‌ఏ షూటింగ్ పోటీల్లో మైనర్ అనే స్థాయికి పవర్ ఫ్యాక్టర్, అంటే గ్రెయిన్ల బరువుని వేగంతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే వచ్చేది, 125 కావాలి. అంటే 147 గ్రెయిన్లు సెకనుకు 860 అడుగుల వేగంతో పోతే 126 వస్తుంది. 124 గ్రెయిన్లయితే 1,010 అడుగులు దాటాలి. నాకు 147 మెత్తని కిక్ ఇష్టం. పౌడర్ మోతాదు మాత్రం నన్నడగొద్దు, ఇంకెవర్నీ అడగొద్దు. అచ్చయిన మాన్యువల్‌లో అదే బరువు సీసం బులెట్‌కి ఇచ్చిన కనీస మోతాదుతో మొదలుపెట్టండి. 9 ఎంఎం రౌండ్ మొత్తం పొడవుకి 1.169 అంగుళాలు గరిష్ఠ పరిమితి మాత్రమే. ముక్కు ఆకారం కంపెనీకో తీరుగా ఉంటుంది కనుక, అలాంటిదే ఇంకో డమ్మీ చేసి, గన్ నుంచి విప్పిన బ్యారెల్‌లో వేసి స్వేచ్ఛగా తిరుగుతుందో లేదో చూడండి.

గ్లాక్ పిస్టల్ వాడేవాళ్లు దాని మాన్యువల్ చదవండి. సీసం బులెట్లు, రీలోడ్లు వద్దనే కంపెనీ అంటుంది. పూత ఉందిగా అని ఆ మాట దాటేయడం నాకు సమ్మతం కాదు.

పూత వేశాక సీసం బెడద పోయిందనుకోకండి. మనం వాడే ప్రైమర్లలో ఎక్కువవాటిలో లెడ్ స్టిఫ్నేట్ అనే సీసపు రసాయనం ఉంటుంది, దాని పొగ మన ముక్కులోకే వస్తుంది. గ్యారేజీలో కాల్చిన కేసుల్ని శుభ్రం చేయడానికి పొడిగా టంబ్లర్ యంత్రంలో తిప్పితే ఆ దుమ్ము ఇంట్లోకి చేరుతుంది. పాకే పిల్లలుంటే నీళ్లతో కడిగే పద్ధతికి మారండి. పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని 2021లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ హద్దు తగ్గించింది. రేంజ్ నుంచి వచ్చాక చల్లటి నీళ్లతో, సబ్బుతో చేతులు కడుక్కోండి, బూట్లు గడప బయటే వదలండి. ఏడాదికోసారి మీ రక్తం కూడా పరీక్ష చేయించుకోండి.

కొనేటప్పుడు ఒకేసారి వేలల్లో తెప్పించకండి. ముందు శాంపిల్ ప్యాక్ తీసుకుని మీ బ్యారెల్‌లో కాల్చి చూడండి. లాగి తీసిన బులెట్లు కొన్ని, మైక్రోమీటర్ ఆ బల్ల మీద పెట్టాను. రండి, మీరే కొలవండి. గన్‌లు మాత్రం ఇక్కడ బయటికి తీయొద్దు, బ్యారెల్ కొలతలు శనివారం రేంజ్‌లో చూద్దాం.