హెర్‌2ను పట్టే యాంటీబాడీ: పొరకు ఏ వైపున అంటుకుంటుంది?

[దృశ్యం: మైక్రోస్కోప్ కింద రొమ్ము కణితి ముక్క. నీలి కేంద్రకాలు, వాటి చుట్టూ గోధుమరంగు గీతలు.]

వ్యాఖ్యానం: తేనెపట్టు గదుల గోడల్లా ప్రతి కణం చుట్టూ కనిపిస్తున్న ఈ గోధుమరంగు గీతను గమనించండి. నీలం, కేంద్రకాలు కనిపించడానికి వేసిన రంగు. గోధుమరంగు మాత్రం కణపొరలో హెర్‌2 అనే ప్రోటీన్ ఉన్న చోటే ఏర్పడింది. దాన్ని వెతికి పట్టుకున్నది ఒక మోనోక్లోనల్ యాంటీబాడీ, అంటే ఒక నిర్దిష్ట లక్ష్యానికి అంటుకునే ప్రోటీన్. అయితే ఆ యాంటీబాడీ హెర్‌2ను ఆసాంతం చూడదు. 1255 అమైనో ఆమ్లాల గొలుసులో ఒక చిన్న చోటును మాత్రమే గుర్తుపడుతుంది. ఆ చోటునే ఎపిటోప్ అంటారు. అది కణపొరకు బయట ఉందా, లోపల ఉందా, మనం చేసే ప్రయోగానికి తట్టుకుంటుందా అన్నదే ఈ వీడియోలో మనం చర్చించే విషయం.

[దృశ్యం: కణపొర అడ్డుకోత బొమ్మ. పొరను ఒక్కసారి మాత్రమే దాటిన హెర్‌2.]

వ్యాఖ్యానం: హెర్‌2 సుమారు 185 కిలోడాల్టన్ల (అణువుల బరువును కొలిచే ప్రమాణం) గ్రాహక ప్రోటీన్, అంటే బయటి సంకేతాలను అందుకునే ప్రోటీన్. దాని జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉంది. పొరకు బయట నాలుగు ఖండాలుగా మడతపడిన పెద్ద భాగం, పొరలో ఇమిడిన చిన్న ముక్క, లోపల సంకేతాలను ముందుకు పంపే టైరోసిన్ కైనేజ్ అనే ఎంజైమ్ భాగం, ఇదీ దాని నిర్మాణం. దీన్ని క్యాన్సర్ ప్రోటీన్ అని పిలవడం నాకు అంతగా నచ్చదు. ఆరోగ్యకరమైన కణాలలోనూ ఇది కొద్దిగా ఉంటుంది. కొన్ని కణితుల్లో జన్యువు ప్రతులు పెరిగిపోయి, కణపొర మీద ప్రోటీన్ కిక్కిరిసిపోవడమే అసలు సమస్య. 1987లో అమెరికా క్యాన్సర్ వైద్యుడు డెనిస్ స్లామన్ బృందం 189 రొమ్ము కణితులను పరిశీలించి, సుమారు 30 శాతం కణితుల్లో ఈ జన్యువు ప్రతులు పెరిగి ఉన్నాయని ప్రకటించింది. తర్వాతి కాలపు అంచనాలు 15 నుంచి 20 శాతం మధ్య ఉన్నాయి.

[దృశ్యం: ఎలుక ప్లీహం నుంచి తీసిన బి కణం, మైలోమా కణంతో కలిసిపోతున్న యానిమేషన్.]

వ్యాఖ్యానం: మోనోక్లోనల్ అంటే ఒకే కణపు సంతతి నుంచి వచ్చినది. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు చూపిన పద్ధతిలో, యాంటీబాడీని తయారుచేసే ఎలుక కణాన్ని ఆగకుండా విభజన చెందే క్యాన్సర్ కణంతో కలిపి హైబ్రిడోమాను తయారుచేస్తారు. దాని సంతతి అంతా ఒకే యాంటీబాడీని, ఒకే ఎపిటోప్‌ను పట్టే యాంటీబాడీని స్రవిస్తుంది. అందుకే సీసా మీద ప్రోటీన్ పేరుతో పాటు క్లోన్ పేరు, అంటే ఏ కణ సంతతి నుంచి వచ్చిందో చెప్పే పేరు కూడా ఉంటుంది. పరిశోధకుడు ముందుగా చదవవలసినది ఆ క్లోన్ పేరే.

[దృశ్యం: 4డి5, సిబి11 అని రాసి ఉన్న రెండు చిన్న సీసాలు పక్కపక్కన.]

వ్యాఖ్యానం: ఇవి రెండు క్లోన్‌ల పేర్లు, రెండూ హెర్‌2 యాంటీబాడీలే. 4డి5 బయటి భాగంలో, పొరకు అతి దగ్గరగా ఉన్న నాలుగో ఖండానికి అంటుకుంటుంది. 1992లో దీన్నే మానవ యాంటీబాడీ రూపానికి మార్చారు. అదే 1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ మందు. సిబి11 మాత్రం పొర లోపలి భాగాన్ని పడుతుంది.

ఈ తేడా ఎంత దూరం తీసుకుపోతుందో నాకు పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు తెలిసింది. హెర్‌2 పుష్కలంగా ఉండే ఎస్‌కె-బిఆర్‌-3 అనే, ప్రయోగశాలలో పెంచే రొమ్ము క్యాన్సర్ కణాలను బతికి ఉండగానే, పొరకు రంధ్రాలు చేయకుండా, లోపలి భాగాన్ని పట్టే యాంటీబాడీతో కలిపి ఫ్లో సైటోమీటర్‌లో, అంటే ఒక్కో కణం నుంచి వచ్చే కాంతిని కొలిచే యంత్రంలో నడిపాను. గ్రాఫ్‌లో కుడివైపు, యాంటీబాడీ అంటుకున్న కణాలు ఉండే చోట, ఒక చిన్న గుట్ట కనిపించింది. ప్రయోగం ఫలించిందని సంబరపడ్డాను కూడా. చనిపోయిన కణాల్లోకి మాత్రమే చొరబడే ప్రొపిడియం అయొడైడ్ రంగును కలిపి మళ్లీ చూస్తే, ఆ గుట్టలో ఉన్నవన్నీ పొర చిరిగి చనిపోయిన కణాలేనని తేలింది. బతికి ఉన్న కణాల లోపలికి యాంటీబాడీ వెళ్లే దారే లేదు. సాపోనిన్ వంటి పదార్థంతో పొరకు రంధ్రాలు చేస్తేనే లోపలి ఎపిటోప్ అందుతుంది. ఆ శ్రమ వద్దనుకుంటే బయటి భాగాన్ని పట్టే క్లోన్‌నే ఎంచుకోవాలి.

[దృశ్యం: 4డి5 అంటుకునే చోటు త్రిమితీయ నమూనా. మూడు మలుపులు మూడు రంగుల్లో.]

వ్యాఖ్యానం: ఇప్పుడు రెండో చిక్కు. 2003లో వెలువడిన స్ఫటిక నిర్మాణంలో, ట్రాస్టుజుమాబ్ నాలుగో ఖండంలోని మూడు వేర్వేరు మలుపులను ఒకేసారి తాకుతున్నట్టు కనిపించింది. గొలుసులో ఇవి ఒకదాని పక్కన ఒకటి లేవు. ప్రోటీన్ సరిగ్గా మడతపడినప్పుడే దగ్గరికి వస్తాయి. ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి వేరుచేసి యాంటీబాడీతో గుర్తించే వెస్టర్న్ బ్లాట్ కోసం నమూనాను ఎస్‌డిఎస్ అనే డిటర్జెంట్‌తో మరిగించి, గంధకపు బంధాలను తెంచినప్పుడు మడత విప్పుకొని, మూడు మలుపులూ మూడు దిక్కులకు పోతాయి. అటువంటి ప్రయోగాలకు, వరుసగా ఉన్న అమైనో ఆమ్లాలను గుర్తించే క్లోన్ కావాలి. ఫార్మలిన్‌లో ఉంచి పారఫిన్ మైనంలో పొదిగిన కణజాలంలో కథ ఇంకొంచెం వేరు. అక్కడ ఫార్మలిన్ వేసిన అడ్డుబంధాలు ఎపిటోప్‌ను కప్పేస్తాయి కాబట్టి, స్లైడ్‌ను సిట్రేట్ వంటి ద్రావణంలో వేడిచేసి దాన్ని తిరిగి బయటపెట్టాలి.

[దృశ్యం: మూడు స్లైడ్‌లు వరుసగా.]

వ్యాఖ్యానం: యాంటీబాడీ పనిచేస్తోందని చెప్పాలంటే ఒక్క గోధుమరంగు చాలదు. ఎస్‌కె-బిఆర్‌-3 కణాలలో బలమైన రంగు, హెర్‌2 తక్కువగా ఉండే ఎంసిఎఫ్‌-7 అనే మరో రొమ్ము క్యాన్సర్ కణాలలో చాలా పలుచని రంగు రావాలి. అదే జాతి, అదే రకం యాంటీబాడీ అయినా హెర్‌2తో సంబంధం లేనిదాన్ని వేసిన స్లైడ్ ఖాళీగా ఉండాలి. యాంటీబాడీ గాఢత ఎక్కువైతే ఈ మూడో స్లైడ్ కూడా మసకగా గోధుమరంగుకు తిరుగుతుంది, కనుక పలుచన ఎంతవరకు చేయాలో ప్రతి ప్రయోగశాలా తన నమూనాల మీద తానే తేల్చుకోవాలి. ఒక చిన్న మాట: నిల్వ కోసం సీసాలో కలిపే సోడియం అజైడ్, రంగును పుట్టించే పెరాక్సిడేజ్ ఎంజైమ్‌ను అణచివేస్తుంది. ఎంజైమ్ జతచేసిన యాంటీబాడీ ఉన్న ద్రావణంలో అజైడ్ ఉండకూడదు.

పరిశోధనకు మాత్రమే అని ముద్రించిన సీసాతో రోగనిర్ధారణ చేయరు. ఆసుపత్రుల్లో ఆ పనికి ప్రత్యేకంగా ధ్రువీకరించిన పరీక్షలు ఉన్నాయి. రంగు బలాన్ని బట్టి ఫలితాన్ని 0 నుంచి 3+ వరకు లెక్కిస్తారు, అటూ ఇటూ తేలని 2+ వస్తే జన్యువు ప్రతులను ఫిష్ (FISH, మెరిసే గుర్తులతో జన్యువును చూపే పరీక్ష) వంటి పద్ధతితో లెక్కపెడతారు.

[దృశ్యం: బయటి భాగం తెగిపోయిన హెర్‌2. పొరలోనూ లోపలా ఉన్న ముక్క మాత్రం మిగిలి ఉంది.]

వ్యాఖ్యానం: కొన్ని కణితుల్లో హెర్‌2 బయటి భాగం లేకుండా, పి95 అని పిలిచే పొట్టి రూపంలో ఉంటుంది. బయటి భాగాన్ని పట్టే యాంటీబాడీ దాని పక్కనుంచే వెళ్లిపోతుంది. లోపలి భాగాన్ని పట్టేది మాత్రం అంటుకుంటుంది. ఒకే కణితి నుంచి కోసిన రెండు ముక్కల మీద ఈ రెండు యాంటీబాడీలను విడివిడిగా వేసినప్పుడు మొదటి స్లైడ్ వెలిసిపోయినట్టుగా, రెండోది ముదురు గోధుమరంగులో వస్తే, సీసా పాడైందని పారవేసే ముందు ఆ కణితిలో పి95 ఉందేమో పరీక్షించండి.