హిచ్‌హైకర్స్ గైడ్ రివ్యూ: 42 సంగతి సరే, తిమింగలం మాటేమిటి?

అందరికీ నమస్కారం. ఐదు నవలలూ ఒకే బైండింగ్‌లో వేసిన సైన్స్ ఫిక్షన్ హాస్య సిరీస్ 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ' ఇది. ఒక పుస్తకాల షాపు వాళ్ళు రివ్యూ కోసం ఉచితంగా పంపారు, ముందే చెప్పేస్తున్నాను. 1978లో బీబీసీ రేడియోలో మొదలై, మరుసటి ఏడాది నవలైంది, రాసింది డగ్లస్ ఆడమ్స్. ఇవన్నీ మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. జీవితం, విశ్వం, సమస్తం గురించిన మహా ప్రశ్నకు ఈ కథలో ఒక కంప్యూటర్ చెప్పే జవాబు 42, అదీ తెలుసు. ఏదో ఒక మామూలు చిన్న సంఖ్య కావాలని పెట్టానని ఆడమ్స్ స్వయంగా చెప్పారు కాబట్టి, దాని చుట్టూ లెక్కలు కట్టే పని నేను పెట్టుకోను.

నాకు ప్రాణం మొదటి నవలలోని తిమింగలం సీన్. వ్యోమనౌక మీదికి రెండు క్షిపణులు దూసుకొస్తుంటాయి. అందులో ఉన్న కథానాయకుడు ఆర్థర్ ఒక మీట నొక్కగానే, ఒకటి తిమింగలంగా, రెండోది పెటూనియా పూలకుండీగా మారిపోతాయి. రెండూ ఆకాశంలోంచి కిందికి పడుతుంటాయి. తిమింగలం పుట్టిందే ఆ క్షణాన. నేనెవరిని, ఇక్కడెందుకున్నాను అని అడుగుతుంది. తోకను చూసి మురిసిపోతుంది, చుట్టూ ఉన్న గాలికి పేరు పెడుతుంది. కింద నుంచి ఏదో పెద్దది వేగంగా దగ్గరికొస్తుంటే, దానికి 'నేల' అని పేరు పెట్టి, నాతో స్నేహం చేస్తుందా అనుకుంటుంది. అంతే.

పంతొమ్మిదేళ్ళప్పుడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న పాత కాపీలో ఇది చదివి పడీపడీ నవ్వాను. ఈసారి చదువుతుంటే పక్కన మా అక్క కొడుకు ఉన్నాడు, నాలుగో నెల. వాడు తన వేళ్ళను తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. నాకు నవ్వు రాలేదు, గొంతు పట్టేసింది.

ఇక పూలకుండీ. పడుతూ అది అనుకున్నది ఒక్కటే, అయ్యో, మళ్ళీనా అని! అలా ఎందుకనుకుందో తెలిస్తే విశ్వం గురించి మనకు చాలా తెలుస్తుందని ఆడమ్స్ అక్కడే ఒక మాట వదిలేస్తాడు. జవాబు కోసం 1982లో వచ్చిన మూడో నవల దాకా ఆగాలి. ఆ కుండీ అగ్రజాగ్ అనే జీవికి ఒక జన్మ. కుందేలుగా పుట్టాడు, ఈగగా పుట్టాడు. పుట్టిన ప్రతిసారీ చావు ఆర్థర్ వల్లే, అదీ ఆర్థర్‌కి తెలియకుండానే. పునర్జన్మ మనం వినని మాట కాదు. కానీ మన కథల్లో పూర్వజన్మ గుర్తొచ్చినవాడికి ఎక్కువగా వైరాగ్యమో జ్ఞానమో వస్తుంది. అగ్రజాగ్‌కి వచ్చింది పగ. ఆర్థర్ తనను చంపుతున్నట్టు విగ్రహం చెక్కించి పెట్టుకున్నాడు. నిమిషం వయసున్న తిమింగలానికి ప్రతిదీ వింతే. అన్ని జన్మలు గుర్తున్నవాడికి కొత్తగా చూడటానికి ఏమీ మిగల్లేదు. ఈ రెండింటినీ ఒకే ఆకాశం నుంచి పక్కపక్కనే పడేసిన రచయితను జోకులు రాసేవాడని మాత్రమే అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ ఎడిషన్ విషయంలోనూ అంతే కోపం వచ్చింది. పుస్తకం ఇటుకలా ఉంది. లోపలి మార్జిన్ ఎంత తక్కువంటే లైను చివరి అక్షరాలు బైండింగ్‌లోకి వెళ్ళిపోతున్నాయి. అగ్రజాగ్ అధ్యాయం మొత్తం రెండు చేతులతో విప్పి పట్టుకుని చదివాను. నా ఆబిడ్స్ కాపీ అట్ట ఊడినా హాయిగా తెరుచుకుంటుంది.

కాబట్టి ఇది కొనకండి. మొదటి నవల, మూడో నవల విడిగా తీసుకోండి. వినడం ఇష్టమైతే మొదటి దానికి స్టీఫెన్ ఫ్రై చదివిన ఆడియోబుక్ ఉంది.

తిమింగలం సీన్‌ని మా అక్కకి తెలుగులో చెప్పాను. 'నేల' అన్న చోటికి రాగానే బాబుని ఒళ్ళోకి తీసుకుని, ఇంక చెప్పొద్దంది.