నొప్పికి ఎన్ని మార్కులు?

శ్రోతలకు నమస్కారం.

మా పెద్దమ్మ వాళ్ళది చెన్నైలో పెరంబూరు. కిందటేడు ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. మర్నాడు పొద్దున్నే నర్సు వచ్చి, వచ్చీరాని తెలుగులో "నొప్పి పదికి ఎంతమ్మా?" అని అడిగింది. పెద్దమ్మ పళ్ళు బిగబట్టుకునే "రెండు" అంది. నర్సు రాసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

"అదేంటి పెద్దమ్మా, రెండేనా?" అన్నాను.

"ఈ కాలికి అంతకంటే మార్కులు ఎలా వేస్తానే?" అంది. జీవితమంతా పంతులమ్మగా చేసిన మనిషి మరి!

నర్సును మళ్ళీ పిలిచాను. సున్నా అంటే నొప్పే లేనట్టు, పది అంటే ఇంతకు మించి ఊహించలేనట్టు అని విడమరిచి చెప్పాక ఆ రెండు కాస్తా ఏడైంది.

బీపీకి మిషనుంది, జ్వరానికి థర్మామీటరుంది. నొప్పికి రోగి నోటి మాటే కొలత. నర్సు అడిగినట్టు పదికి ఎంత అనే అంకెల స్కేలుతో వచ్చే లాభం, ఫోన్లో కూడా అడగొచ్చు. ఇంకోటుంది, గీత స్కేలు. వంద మిల్లీమీటర్ల గీతకి ఒక కొస నొప్పే లేనట్టు, రెండో కొస ఊహించలేనంత నొప్పి ఉన్నట్టు. దాని మీద రోగి ఒక గుర్తు పెడితే రూలరుతో కొలుస్తారు. పరిశోధనల్లో దీన్ని బాగా వాడతారు. కానీ చెయ్యి వణికే పెద్దవాళ్ళకీ, మత్తు దిగని వాళ్ళకీ అది కష్టం. జిరాక్సు తీస్తే గీత పొడవు మారి కొలతే తప్పుతుంది కూడా!

పిల్లలకి బొమ్మలు చూపిస్తారు. 1983లో వచ్చిన వాంగ్-బేకర్ స్కేల్లో మొదటి ముఖం నవ్వుతుంటుంది, చివరిది ఏడుస్తుంటుంది. ఏడవకుండా ఓర్చుకునే పిల్లాడు ఆ చివరి బొమ్మను ఎంచుకుంటాడా? 2001లో సవరించిన మరో ముఖాల స్కేల్లో నవ్వూ లేదు, కన్నీళ్ళూ లేవు.

నన్నడిగితే పెద్దవాళ్ళని ముందు మాటల్లోనే అడగాలి. లేదు, కొంచెం, ఓ మోస్తరు, విపరీతం. కాకపోతే మందుతో కాస్త తగ్గినా ఈ నాలుగు మాటల్లో అది కనిపించదు. అక్కడ అంకే మేలు. ఆ అంకెనైనా అదే మనిషి నిన్నటి అంకెతోనే పోల్చాలి, పక్క మంచం ఆవిడ అంకెతో కాదు. పోటా, సలుపా, మంటా అన్నది విడిగా అడిగి తెలుసుకోవాల్సిందే.

మూడో రోజు నర్సు మళ్ళీ వచ్చింది. ఆవిడ నోరు తెరవకముందే పెద్దమ్మ అందుకుంది: "పడుకుంటే నాలుగు, నడిస్తే ఏడు. రెండూ రాసుకో తల్లీ."