డాక్టరేట్ చదివినా "ప్రొఫెషనల్" కాదంట! అమెరికా ఫిజికల్ థెరపీ సీట్లు ఇక డబ్బున్నోళ్లకేనా?

నమస్తే అండీ. సోది లేకుండా విషయానికి వచ్చేస్తాను. అమెరికాలో చదివి ఫిజికల్ థెరపిస్ట్, అంటే మన ఫిజియోథెరపిస్ట్, కావాలంటే డాక్టరేట్ చేసి తీరాలి. డీపీటీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ. నాలుగేళ్ల డిగ్రీ, దాని మీద ఇంకో మూడేళ్లు. అలాంటి చదువు ప్రభుత్వ స్టూడెంట్ లోన్ల లెక్కలో "ప్రొఫెషనల్ డిగ్రీ" కిందకి రాదని అమెరికా విద్యాశాఖ కమిటీ తేల్చింది. ప్రొఫెషనల్ అన్న జాబితాలో థియాలజీ, అంటే మతశాస్త్రం, ఉంది. చేతులతో వెన్నెముక సర్దే కైరోప్రాక్టిక్ ఉంది. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ మనిషిని లేపి నాలుగడుగులు వేయించేవాళ్ల చదువు మాత్రం లేదు!

గొడవేంటో రెండు ముక్కల్లో చెప్పేస్తా. 2025 జూలై 4న ట్రంప్ సంతకం పెట్టిన పెద్ద బిల్లు గ్రాడ్ ప్లస్ లోన్లను, అంటే డిగ్రీ తర్వాతి చదువులకి ప్రభుత్వం ఇచ్చే అప్పుల్ని, ఎత్తేసింది. కొత్తగా చేరేవాళ్లకి 2026 జూలై 1 నుంచి వర్తిస్తుంది. ఇన్నాళ్లూ కాలేజీ ఎంత ఖర్చు చూపిస్తే అంతవరకూ ప్రభుత్వం అప్పు ఇచ్చేది. ఇక మీదట ప్రొఫెషనల్ డిగ్రీ అయితే ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం మీద 2 లక్షలు. మామూలు గ్రాడ్యుయేట్ కోర్సయితే ఏడాదికి 20,500, మొత్తం లక్ష. ఏది ఏ గంపలోకి వెళ్లాలో తేల్చిన కమిటీ 2025 నవంబర్‌లో 11 రంగాల దగ్గర గీత గీసేసింది. నర్సింగ్‌ని బయట పెట్టారని దేశమంతా గగ్గోలు పెట్టింది. పెట్టాల్సిందే. కానీ ఫిజికల్ థెరపీ గురించి మన తెలుగువాళ్లలో ఎంతమంది మాట్లాడారు?

లెక్క వేద్దాం, పెన్ను తీసుకోండి. ఏడాదికి 20,500 చొప్పున మూడేళ్లకి 61,500 డాలర్లు. ప్రైవేటు యూనివర్సిటీల్లో డీపీటీ ట్యూషన్ ఒక్కటే లక్ష దాటడం మామూలు విషయం. ఇంటద్దె, తిండి, కారు ఖర్చు వేరే. క్లినికల్స్‌కి, అంటే ఆసుపత్రుల్లో చేసే శిక్షణకి, ఎక్కడో ఇంకో రాష్ట్రంలో వేస్తే అక్కడ గది అద్దె ఇంకా వేరే. అదే మూడేళ్లు "ప్రొఫెషనల్" కోర్సు చదివేవాడికి లక్షా 50 వేల దాకా ప్రభుత్వ అప్పు దొరుకుతుంది. మన పిల్ల తక్కువ పడ్డ డబ్బు కోసం ప్రైవేటు బ్యాంకు దగ్గరికి పోవాలి. ఆ బ్యాంకు ముందు అడిగేది కో-సైనర్, అంటే పూచీ సంతకం పెట్టేవాళ్లు, ఎవరని. అంటే నాన్న క్రెడిట్ స్కోరు ఎంత, అమ్మ జీతం ఎంత అని.

నేను ఈ వీడియోలో చెప్పేది ఒక్కటే. ఎన్నిసార్లయినా చెబుతా. ఇక నుంచి డీపీటీ సీటుకి మొదటి అర్హత ఇంట్లో డబ్బు!

అసలు ఆ సీటుకి ఇప్పటికే ఎంత అడుగుతున్నారో తెలుసా? అనాటమీ, ఫిజియాలజీ రెండు సెమిస్టర్లు ల్యాబ్‌తో. కెమిస్ట్రీ రెండు, ఫిజిక్స్ రెండు, అవీ ల్యాబ్‌తోనే. బయాలజీ, సైకాలజీ, స్టాటిస్టిక్స్. చాలా కాలేజీలు జీపీఏ నాలుగుకి కనీసం 3.0 ఉండాలంటాయి, నిజంగా సీటొచ్చేవాళ్లది అంతకంటే బాగా ఎక్కువే ఉంటుంది. జీఆర్ఈ చాలాచోట్ల తీసేశారు, కొన్నిచోట్ల ఇంకా ఉంది. రికమెండేషన్ లెటర్లు, ఇంటర్వ్యూలు సరేసరి.

అప్లికేషన్ అంతా పీటీక్యాస్ అనే ఒకే పోర్టల్‌లో. అక్కడ ఒక దెబ్బ ఉంది, చాలామంది పేరెంట్స్‌కి తెలీదు. ఫస్టియర్‌లో కెమిస్ట్రీ తప్పి మళ్లీ చదివి ఏ గ్రేడ్ తెచ్చుకున్నారనుకోండి. మీ కాలేజీ పాత గ్రేడ్ కొట్టేసి కొత్తది పెట్టినా సరే, పీటీక్యాస్ రెండూ కలిపే జీపీఏ కడుతుంది. పద్దెనిమిదేళ్లప్పుడు జ్వరంతో పరీక్ష రాసి పోగొట్టుకున్న గ్రేడు ఇరవై రెండేళ్లకి కూడా వదలదు.

ఇక అబ్జర్వేషన్ అవర్స్. కాలేజీని బట్టి పదుల నుంచి వంద పైచిలుకు గంటల దాకా అడుగుతారు. క్లినిక్‌లో ఒక మూల నిలబడి చూడాలి. మోకాలి మార్పిడి జరిగిన ఒక పెద్దావిడ పడుకుని ఉంటుంది. థెరపిస్ట్ మడమ పట్టుకుని మెల్లగా మోకాలు వంచుతూ గోనియోమీటర్ ఆనించి కోణం కొలుస్తుంది. ఆవిడ పళ్ల బిగువున "చాలమ్మా, చాలు" అంటుంది. ఇంకొంచెం వంచాలా, అక్కడితో ఆపాలా? ఆ నిర్ణయం ఎలా తీసుకుంటారో పక్కనుండి చూస్తేనే తెలుస్తుంది. అందుకే ఆ గంటలు పెట్టారు, నేను తప్పు పట్టను. కానీ అవన్నీ జీతం లేని గంటలు! వేసవి సెలవుల్లో రెండు పార్ట్ టైం ఉద్యోగాలు చేసి ఫీజు కట్టుకునే పిల్ల ఆ గంటలు ఎక్కడి నుంచి తెస్తుంది? డబ్బు జల్లెడ అప్పుడే మొదలైంది. ఇప్పుడు లోన్ కూడా కోసేసి దాని కంతలు ఇంకా సన్నం చేశారు.

ఇంత చదువు ఎవరు పెట్టమన్నారు అంటారా? బాగా అడిగారు. ఒకప్పుడు అమెరికాలో బ్యాచిలర్స్‌తోనే థెరపిస్ట్ అయ్యేవారు. 1993లో క్రైటన్ యూనివర్సిటీ మొదటి ఎంట్రీ లెవెల్ డీపీటీ పెట్టింది. 2002 నుంచి బ్యాచిలర్స్ కోర్సులకి గుర్తింపు ఆపేశారు. 2016 నుంచి డాక్టరేట్ ఒక్కటే. గుర్తింపు ఇచ్చే సంస్థ క్యాప్టే ఆ రూలు పెట్టింది. రాష్ట్రాల లైసెన్స్ బోర్డులేమో ఆ గుర్తింపున్న కోర్సు చదవాలంటాయి, పైన ఎన్‌పీటీఈ అనే జాతీయ లైసెన్స్ పరీక్ష పాసవ్వాలంటాయి. పైగా 2015 నుంచి 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక మేరకు డాక్టర్ చీటీ లేకుండానే పేషెంట్ నేరుగా థెరపిస్ట్ దగ్గరికి వెళ్లొచ్చు. అంత బాధ్యత నెత్తిన పెట్టి, ఇప్పుడు మీది ప్రొఫెషన్ కిందకి రాదంటే ఒళ్లు మండదా? జీతం చూస్తారా, 2024 మే నాటికి మధ్యస్థ వేతనం ఏడాదికి 1,01,020 డాలర్లు. మంచి జీతమే. కానీ డాక్టరేట్ అప్పు మీద వేసుకుని మొదలుపెట్టేవాళ్లకి అది తేలిగ్గా ఏం గడవదు.

మరి ఎందుకు బయట పెట్టారు? నా థియరీ నేను చెబుతా, మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు. ఆ జాబితా నిన్న మొన్న పుట్టింది కాదు. పాత నిబంధనల్లో ఉదాహరణగా రాసుకున్న పది పేర్లు అవి. అప్పట్లో "వీటికే పరిమితం కాదు" అని తలుపు తెరిచి ఉంచారు. ఇప్పుడు క్లినికల్ సైకాలజీ ఒక్కటి చేర్చి తలుపు మూసేశారు. ఆ పాత రోజుల్లో ఎవరి పని ప్రొఫెషన్? లాయరుది, డాక్టరుది, మతగురువుది. ఫిజికల్ థెరపీ ఎలా మొదలైంది? మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్లూ చేతులూ దెబ్బతిన్న సైనికుల్ని మళ్లీ నిలబెట్టిన ఆడవాళ్లతో. 1921లో వాళ్లు పెట్టుకున్న సంఘం పేరు అమెరికన్ విమెన్స్ ఫిజికల్ థెరప్యూటిక్ అసోసియేషన్, మొదటి అధ్యక్షురాలు మేరీ మెక్‌మిలన్. ఇప్పుడు బయట పడ్డవి చూడండి. నర్సింగ్, ఫిజికల్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, సోషల్ వర్క్. అన్నీ ఆడవాళ్లు ఎక్కువగా ఉన్నవే! జాబితాలో ఉన్న వెటర్నరీలో కూడా అమ్మాయిలే ఎక్కువ కదా అంటారు. ఇప్పుడు ఎక్కువ, జాబితా రాసిన రోజుల్లో కాదు. నూరేళ్ల కిందటి చిన్నచూపు ఇవాళ లోన్ ఫారం మీద అచ్చయింది, నేనైతే అలాగే చూస్తున్నా.

ఇది లోన్ల కోసం పెట్టుకున్న నిర్వచనమే, వృత్తి విలువ మీద తీర్పు కాదని విద్యాశాఖ వివరణ ఇచ్చింది. అప్పు తగ్గిస్తే కాలేజీలు ఫీజులు తగ్గిస్తాయని కూడా అంటున్నారు. ఎప్పుడు తగ్గిస్తాయి? అనాటమీ ల్యాబ్ ఖర్చు తగ్గదు, ఫ్యాకల్టీ జీతాలు తగ్గవు. ఆ తగ్గేదాకా ఆగలేని పిల్ల వేరే కోర్సు చూసుకుంటుంది, ఆ సీటు డబ్బున్న ఇంటికి పోతుంది. ఇంకో విచిత్రం వినండి. అదే ప్రభుత్వంలోని కార్మిక శాఖ నర్సులనీ ఫిజికల్ థెరపిస్టులనీ షెడ్యూల్ ఏ అనే జాబితాలో పెట్టింది. ఎందుకు? దేశంలో వాళ్ల కొరత ఉందని! అందుకే గ్రీన్‌కార్డ్‌కి లేబర్ సర్టిఫికేషన్, అంటే ఆ పనికి ఇక్కడివాళ్లు దొరకలేదని చూపించే తతంగం, వాళ్లకి తప్పుతుంది. ఒక శాఖ మనుషులు చాలట్లేదు రమ్మంటుంటే, ఇంకో శాఖ ఇక్కడి పిల్లలకి అప్పు కోసేస్తోంది.

హైదరాబాద్, విజయవాడ నుంచి చూస్తున్న బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ చేసిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ మాటా చెప్పాలి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చేవాళ్లకి ప్రభుత్వ లోన్ ఎప్పుడూ లేదు, ఈ కోత మీకు నేరుగా తగలదు. కానీ కొంతమంది కన్సల్టెన్సీ వాళ్లు ట్రాన్సిషనల్ డీపీటీ చూపించి, ఇది చేస్తే లైసెన్స్ వచ్చేస్తుందని నమ్మిస్తున్నారు. అది ఇప్పటికే థెరపిస్ట్ అయినవాళ్ల కోసం పెట్టిన కోర్సు, దానంతట అది లైసెన్స్ తెచ్చిపెట్టదు. మీ దారి మీ బీపీటీ సబ్జెక్టుల మూల్యాంకనం, ఇంగ్లిష్ పరీక్ష, ఆ తర్వాత ఎన్‌పీటీఈ. ఆ పరీక్ష జీవితం మొత్తం మీద ఆరుసార్లే రాయనిస్తారు. లక్షలు కట్టే ముందు మీరు వెళ్లే రాష్ట్రం లైసెన్స్ బోర్డు రూల్స్ మీరే చదవండి.

డాలస్, న్యూజెర్సీలో పిల్లల్ని ప్రీ-పీటీలో, అంటే డీపీటీకి ముందు డిగ్రీలోనో, డీపీటీలోనో చేర్చిన అక్కలూ అన్నలూ, మీరు ఒక పని చేయండి. 2026 జూలై 1కి ముందే డీపీటీ కోర్సులో ఉండి ఫెడరల్ లోన్ తీసుకున్నవాళ్లకి పాత పద్ధతి మూడేళ్ల వరకూ కొనసాగే వీలుంది, అది మీ పిల్లకి వర్తిస్తుందో లేదో ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. వాళ్లు ఏం చెప్పారో, ఎంత తక్కువ పడుతోందో కింద కామెంట్లో పెట్టండి. తర్వాతి వీడియోలో ఆ కామెంట్లే చదువుతా.