హెడ్జ్ ట్రిమ్మర్ కొనే ముందు టేపు తీయండి

నమస్కారం. ఇవాళ ఇంటి తోటకి హెడ్జ్ ట్రిమ్మర్, అంటే కంచెలా పెంచిన మొక్కల వరసని (హెడ్జ్‌ని) కత్తిరించే మెషిన్, ఎలా ఎంచుకోవాలో చూద్దాం. టేబుల్ మీద మూడు మెషిన్లు ఉన్నాయి, వాటి దగ్గరకి తర్వాత వస్తాను. ముందు ఈ టేపు పట్టుకుని నాతో పాటు మొక్కల దగ్గరకి రండి.

హెడ్జ్ పొడవు, ఎత్తు కొలవడం అందరికీ తెలుసు. చాలామంది కొలవనిది కొమ్మ మందం. ఇదిగో, ఈ లేత కొమ్మ చూడండి, దాదాపు పెన్సిలంత ఉంది. అంటే 7 మిల్లీమీటర్లు. ఏడాదికి రెండు మూడుసార్లు కత్తిరించే హెడ్జ్‌లో మెషిన్ కోయాల్సింది ఎక్కువగా ఇలాంటివే. కింద బొటనవేలంత లావున్న ముదురు కొమ్మ ఉంది కదా, అది ట్రిమ్మర్ పని కాదు. దానికి చేతిరంపమే సరైనది.

ఇప్పుడు బ్లేడు దగ్గరకి వద్దాం. ఈ పళ్ల మధ్య ఖాళీ కనిపిస్తోందా? కొమ్మ అందులోకి దూరితేనే తెగుతుంది. ఇంటికి వాడే మెషిన్లలో ఈ ఖాళీ చాలావరకు 15 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది. ఖాళీ 20 అంటే 20 మిల్లీమీటర్ల కొమ్మ కూడా తెగుతుందని కాదు. తెగే మందం అంతకంటే తక్కువే, అందుకే కంపెనీ చెప్పిన కోత మందాన్ని విడిగా చూడండి. గట్టి చెక్కయితే ఇంకాస్త తగ్గించి లెక్కేసుకోండి.

బ్లేడు పొడవు విషయంలో నేను చేసిన పొరపాటు చెబుతాను. మొదటిసారి కొన్నప్పుడు పొడవు ఎక్కువైతే పని త్వరగా అయిపోతుందనుకుని 70 సెంటీమీటర్ల బ్లేడున్న పెట్రోల్ మెషిన్ తీసుకున్నాను. పావుగంటకే భుజాలు లాగేశాయి, చేతులు వణికాయి. బరువంతా ముందుకి ఉండటంతో బ్లేడు కొస వాలిపోయి, హెడ్జ్ పైభాగం మెట్లుమెట్లుగా వచ్చింది. ఆ మొక్కలు మళ్లీ సమంగా కమ్ముకోవడానికి నెలలు పట్టింది. మామూలు ఇంటి హెడ్జ్‌కి 45 నుంచి 55 సెంటీమీటర్ల బ్లేడు చాలు. పైభాగం బాగా వెడల్పుగా, పొడవుగా ఉంటేనే 60 వైపు వెళ్లండి.

అందుకే షాపులో అన్నిటికంటే ముందు బరువు చూడమంటాను. కాగితం మీద కాదు, చేతుల్లో. కొన్నిటి మీద బ్యాటరీ లేకుండా బరువు రాస్తారు, కాబట్టి బ్యాటరీ పెట్టించుకుని, రెండు చేతులతో భుజాల ఎత్తుకి ఎత్తి, ఒక నిమిషం అలాగే పట్టుకోండి. ఆ నిమిషంలోనే చేతులు దిగిపోతుంటే ఆ మెషిన్ మీకు వద్దు. ఇంట్లో ఇంకెవరైనా వాడతారనుకుంటే వాళ్లనీ తీసుకెళ్లండి. ఎత్తయిన హెడ్జ్ ఉన్నవాళ్లు నిచ్చెన ఎక్కి కోయకండి, దానికి పొడవు కర్ర ఉండే పోల్ ట్రిమ్మర్లు వేరే ఉన్నాయి.

ఇక కరెంటా, బ్యాటరీనా, పెట్రోలా? పెట్రోల్ గురించి పెద్దగా చెప్పను. చాలావాటిలో పెట్రోల్‌లో ఆయిల్ కలపాలి, నెలలు వాడకుండా ఉంచితే కార్బురేటర్ పట్టేస్తుంది, చప్పుడు, పొగ. ఇంటికి అవసరం లేదు. వైరు ఉన్నది తేలిక, ఆగకుండా నడుస్తుంది, 500 వాట్ల చుట్టుపక్కల ఉంటే సరిపోతుంది. ప్లగ్‌కి దగ్గర్లో చిన్న హెడ్జ్ ఉంటే ఇదే తీసుకోండి. కానీ తన వైరు తనే కోసుకునే ప్రమాదం ఉంది. వైరుని భుజం మీద నుంచి వెనక్కి వేసుకోండి, లీకేజీ వస్తే 30 మిల్లీ ఆంప్స్‌కే కరెంటు ఆపేసే ఆర్‌సీడీ తప్పకుండా పెట్టుకోండి.

ఎక్కువమందికి బ్యాటరీదే నప్పుతుంది. ఇక్కడ వోల్టుల్లో ఒక తికమక ఉంది. 18 వోల్టులు, 20 వోల్టుల మ్యాక్స్ అని రాసినవి సాధారణంగా ఒకటే. లోపల ఉండేవి అవే ఐదు వరసల లిథియం సెల్స్. ఫుల్ ఛార్జ్‌లో ఉన్న అంకె ఒకరు, మామూలుగా ఉండే అంకె ఒకరు రాస్తారు. ఎంతసేపు నడుస్తుందో తెలియాలంటే వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణించండి. 18 ఇంటూ 2 అంటే 36 వాట్ అవర్లు, 4 ఆంపియర్ అవర్లదైతే 72, అంటే దాదాపు రెట్టింపు సేపు. మీ దగ్గర అదే బ్యాటరీతో నడిచే డ్రిల్లు ఉంటే అదే కంపెనీ ట్రిమ్మర్ బాడీ మాత్రమే కొనుక్కోండి, ఖర్చు కలిసొస్తుంది.

రెండు బ్లేడ్లూ కదిలే రకమైతే అదురు తక్కువ, నాకు అవే ఇష్టం. రెండు చేతులూ రెండు స్విచ్‌ల మీద ఉంటేనే నడవాలి. షాపులో ఒక చేయి వదిలి చూడండి, బ్లేడు వెంటనే ఆగాలి. ఆగకపోతే పక్కన పెట్టేయండి. పళ్లలో కొమ్మ ఇరుక్కున్నప్పుడు బ్యాటరీ తీశాకే, వైరుదైతే ప్లగ్ పీకాకే చెయ్యి పెట్టండి.

ఒక్క మాట, వెడల్పాటి పెద్ద ఆకుల హెడ్జ్ అయితే ట్రిమ్మర్ ఆకుల్ని సగానికి చీల్చి అంచులు ఎండిపోయేలా చేస్తుంది. వాటికి చేతి కత్తెరే మంచిది. చిన్నాకుల మొక్కలకి మాత్రం ఇదిగో, ఈ మెషిన్. బ్లేడుకి నూనె రాశాను, లోపల పిట్టగూడు లేదని కొమ్మలు తప్పించి చూశాను. కళ్లకి రక్షణ అద్దాలు, చేతులకి గ్లవ్స్ వేసుకున్నాను. పక్కల నుంచి మొదలుపెడతాను, కింద కాస్త వెడల్పుగా, పైకి సన్నగా, కింది ఆకులకీ ఎండ తగిలేలా. చూడండి.